మచ్చు చూచి పంట చెప్పడం

అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అంటూ ఉంటారు. కుండెడు అన్నం సంగతి ఒక్క మెతుకు ఎలా చెప్పగలదు? నీరు, మంట అన్ని మెతుకులకూ ఇంచుమించు ఒకే తీరున తగులుతాయి గనుక చెప్పగలదు. మరి ఒక్క మడిని చూచి ఊరి పంటంతా చెప్పగలమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలోనే గణాంకశాస్త్రంలోని ఒక ముఖ్యభాగం పెరిగింది.

పెందుర్తి నేడు విశాఖపట్నం నగరంతో పెనవేసుకుపోయింది. కాని ఆ చుట్టుపట్ల వ్యవసాయం ఎరిగినవారికి మెట్టకూ పల్లానికీ గల తేడా చెప్పనక్కరలేదు. చెరువు తూము దగ్గరి మడి పండినట్లు ఆయకట్టు చివరి మడి పండదు. ఒకే రైతు పొలంలో సైతం ఒక మూల దుబ్బు కట్టి, మరొక మూల పలచబడి ఉంటుంది. పొలం కుండ వంటిది కాదు. అందుచేత ఏ మెతుకు పట్టుకోవాలన్నదే అసలు చిక్కు.

పూర్వం ఈ చిక్కును కంటిచూపుతోనే తీర్చేవారు. నిండు పంటను పదహారణాలుగా ఎంచి, ఈ ఏడు పన్నెండణాలనీ, ఎనిమిదణాలనీ గ్రామోద్యోగులు అంచనా వ్రాసేవారు. ఆ అంకెలు పైకి పోయి, తాలూకా లెక్కగా, జిల్లా లెక్కగా మారేవి. శిస్తు మినహాయింపు, కరువు సహాయం వంటి నిర్ణయాలకు అటువంటి అంచనాలే ఆధారం. అంచనా రెండణాలు హెచ్చితే ఎండిన చేను గల రైతుకు ఊరట అందదు. తగ్గితే ప్రభుత్వపు ధాన్యపు లెక్కలు తారుమారవుతాయి. ఇందులో ఎవరూ దొంగలెక్క వ్రాయనక్కరలేదు. బాట ప్రక్కనున్న చేను కంటికి ముందు కనబడుతుంది. బాగా పండిన చేను మనస్సులో నిలుస్తుంది. నిజాయితీ గల కన్ను కూడ పొరబడుతుంది.

దీనికి విరుగుడు మన దేశంలోనే వెదకడం విశేషం. జె. ఎ. హబ్బక్ అనే ఐ.సి.ఎస్. అధికారి 1920ల దశకంలో బీహారు, ఒరిస్సాలలో వరి దిగుబడిని కొలవడానికి చిన్న చిన్న తునకలలో పంట కోయించి తూచాడు. ఆ తునకలు ఎక్కడ పడాలో కోసేవాని ఇష్టానికి వదలరాదన్నదే ఆయన పద్ధతిలోని కీలకం. తరువాత ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించి, 1937 నుండి బెంగాలులో జనపనార సాగుపై మచ్చు పరిశీలనలు జరిపించారు. మొదట చిన్న మేరలో ప్రయత్నించి, అనుభవం గడించి, ఏటేటా విస్తరించారు. ఒకే ప్రాంతానికి రెండు వేరు వేరు బృందాలను పంపి, వారి ఫలితాలను సరిపోల్చి తప్పులు పట్టే ఏర్పాటు కూడ చేశారు. పి. వి. సుఖాత్మే మరొక హెచ్చరిక చేశారు. కోసే తునక మరీ చిన్నదైతే హద్దు మీది దుబ్బులను లోపలికి చేర్చుకొనే అవకాశం హెచ్చి, దిగుబడి ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుందని నిరూపించారు.

నేటి పంటకోత ప్రయోగాలు ఈ అనుభవాల ఫలితమే. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నుండి, అంటే చీటీ తీసినట్లుగా, సర్వే నంబరు ఎన్నుకుంటారు. ఆ పొలంలో నైరుతి మూల నుండి పొడవున ఎన్ని అడుగులు, వెడల్పున ఎన్ని అడుగులు నడవాలో కూడ సంఖ్యలే చెబుతాయి. అక్కడ మేకు దిగగొట్టి, వరికి అయిదు మీటర్ల చదరం కొలిచి, తాడు కట్టి, కోసి, నూర్చి, తూస్తారు. ఉద్యోగి ఇష్టానికి గాని రైతు ఇష్టానికి గాని అందులో చోటు లేదు.

ఈ శాస్త్రచరిత్రలో విశాఖపట్నానికి ఒక గర్వకారణం ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కలియంపూడి రాధాకృష్ణరావు 1941లో మహలనోబిస్ సంస్థలో శిక్షణకు చేరారు. వాల్తేరు నుండి కలకత్తా పోయే రైలుమార్గం పెందుర్తి మీదుగానే సాగుతుంది. 1945లో, ఇరవై అయిదేళ్ళ వయస్సులో, మచ్చు నుండి కట్టే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రాన్ని ఆయన ప్రకటించారు. క్రామర్–రావు అసమానతగా ప్రపంచం దానిని ఎరుగును. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో ఆయన పరమపదించారు.

ప్రయోగ రచనలోనూ ఆయన కృషి గొప్పది. అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం వంటి చోట రెండు రకాల చెరకును పోల్చవలసి వచ్చిందనుకోండి. ఒక రకాన్ని సారవంతమైన చెక్కలో, మరొకదానిని చవుడు చెక్కలో నాటితే గెలిచింది చెరకా, నేలా? ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో రొనాల్డ్ ఫిషర్ ఇందుకు మార్గం చూపాడు. నేలను ఒకే తీరు గల ఖండాలుగా విభజించి, ప్రతి ఖండంలోను అన్ని రకాలూ నాటాలి. ఏది ఏ చెక్కలో అన్నది చీటీ తేల్చాలి. అట్లే ఎరువు, నీరు, విత్తనం అన్నిటినీ ఒకేసారి పరీక్షించవలసి వస్తే ప్రయోగాల సంఖ్య పెరిగిపోతుంది. దానిని తగ్గించే పట్టికలను రాధాకృష్ణరావు 1940లలోనే రూపొందించారు. కర్మాగారాలలో సరుకు నాణ్యత పెంచడానికి సైతం అవి ఉపకరించాయి.

1950లో ఆరంభమైన జాతీయ మచ్చు పరిశీలన ఈ పద్ధతిని పొలం నుండి ఇంటి గడపకు తెచ్చింది. కొన్ని వేల కుటుంబాల ఖర్చులడిగి దేశం బ్రతుకు తీరు తెలుసుకొనడం దాని పని. పంటల బీమా పరిహారానికి నేడు పంటకోత తూకాలే ముఖ్యాధారం.

అందుచేత ఊరికి పంటకోతకై ఉద్యోగి వచ్చినప్పుడు, “అది కాదు, ఈ మడి చూడండి” అని ఎవరైనా చేయి పట్టి లాగితే ఊరికి మేలు చేసినట్లు కాదు. పోయిన మడిని చూపినా, పండిన మడిని చూపినా అబద్ధం అబద్ధమే. చీటీ ధనికుని చేనూ పేదవాని చేనూ ఒకే కంటితో చూస్తుంది. మచ్చు చిన్నదైనందువల్ల చెడదు. మన చేయి తగిలితే చెడుతుంది.