గిరాకీ పేరు ఎవరి చిట్టాలో ఉంది?

నేను సిద్దిపేట గొల్లభామ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతానని తెలిసిన పిల్లలు చాలామంది అడిగే మాట ఒకటే: "దుకాణం పెరుగుతున్నదక్కా, ఏ ప్లాట్‌ఫామ్‌కు పొమ్మంటవు?" అమెజాన్‌లోనే ఉండాలా, షాపిఫై అద్దెకు తీసుకోవాలా, వూకామర్స్‌తో సొంతంగా కట్టుకోవాలా అని వాళ్ల చిక్కు. ఇది ఇంటర్నెట్ తెచ్చిన కొత్త సమస్య అని వాళ్లు అనుకుంటారు. సాలోళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, నాకు అట్లా అనిపించదు. నేసిన బట్టను ఎక్కడ పెట్టి అమ్మాలన్నది మా తాతల కాలం నాటి ప్రశ్న. అమ్మే చోట్లు మారుతూ వచ్చాయి. బేరీజు వేసే లెక్కలో మాత్రం ఇప్పటికీ అవే మూడు పద్దులు. డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? అమ్ముడుపోని సరుకు ఎవరి నెత్తిన పడుతుంది? కొన్న మనిషి పేరు ఎవరి చిట్టాలో ఉంటుంది?

ముందు సరుకు సంగతి చెప్పాలి, ఎందుకంటే చోటును ఎంచేది సరుకే. నెత్తిన చల్లకుండతో నడిచిపోయే గొల్లామె బొమ్మ చీర అంచులో, కొంగులో వరుసగా తేలుతుంది. దాన్ని అచ్చుతో అద్దరు, సూదితో కుట్టరు. బొమ్మకు ఎంత మేర కావాలో అంత మేరకే రంగు దారాలను పేకతోపాటు చేత్తో దూర్చుకుంటూ మగ్గం మీదనే నేస్తారు. నాడె సాఫీగా పరుగెత్తాల్సిన చోట నేతగాడు బొమ్మ బొమ్మకూ ఆగాలి. అటు సిరిసిల్లలో మరమగ్గాల మీద మీటర్లకు మీటర్లు దిగుతుంటే, ఇక్కడ గుంటమగ్గం మీద ఒక మనిషి నెలకు నేయగలిగేవి కొద్ది చీరలే. అందుకే ఇది కుప్పలుగా అమ్మి బతికే వ్యాపారం కాదు. మంచి ధర రావాలి, ఒకసారి కొన్నామె మళ్లీ కొనాలి. 2010 దశకం మొదట్లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర మన పేరును వేరేవాళ్లు వాడకుండా ఆపగలదు. గిరాకీని తెచ్చి గడపలో నిలబెట్టడం దాని పని కాదు.

మా పెద్దలకు తెలిసిన మొదటి వేదిక అంగడి. బట్టల మూట భుజానికెత్తుకొని వారం వారం చుట్టుపక్కల ఊళ్లకు పోయేవాళ్లు. మైదానంలో జాగా పట్టుకున్నందుకు తైబజార్ కట్టాలి. అమ్మినదాని పైసలు పొద్దు గూకేలోపు చేతికొచ్చేవి. ఉద్దెరకిస్తే పంట ఇంటికొచ్చినంక వసూలు. మిగిలిన బట్ట మళ్లీ భుజం మీదికే. కాని కొన్నామె ఎవరో నేతగాడికి తెలుసు. ఏ ఊరు, ఏ ఇంటి కోడలు, పోయిన దసరాకు ఏ రంగు తీసుకుంది, ఈసారి బిడ్డ పెండ్లికి ఏం కావాలి అన్నీ నోటి మీద ఉండేవి. ఆ చిట్టాకు కాగితం అవసరం లేకపోయింది. ఇబ్బంది ఒక్కటే: కాళ్లు నడిచినంత దూరమే వ్యాపారం.

ఆ దూరం దాటించినవాడు షావుకారు. నూలు ఇచ్చేది, నమూనా చెప్పేది, చీర తీసుకొని కూలి ఇచ్చేది ఆయనే. హైదరాబాద్ ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరం. అప్పట్లో రైలు లేదు, సిద్దిపేటకు ప్యాసింజర్ బండి వచ్చింది 2023 అక్టోబరులోనే. నగరంలో కొట్లతో మాట్లాడే పలుకుబడి, మూటలు పంపే తాహతు ఉన్నవాడి చేతిలోనే బజారు ఉండేది. నా మూడు పద్దుల్లో రెండింటికి షావుకారు నికరంగా జవాబిచ్చాడు. కూలి అందేది, అవసరానికి ముందస్తు కూడా దొరికేది. అమ్ముడుపోనిది ఆయన నష్టం. మూడో పద్దు మాత్రం పూర్తిగా ఆయన ఖాతాకు మారిపోయింది. తన చీర ఎవరు కట్టుకున్నారో నేతగాడికి తెలియదు, ఎంతకు అమ్ముడైందో తెలియదు. ముందస్తు కాస్తా అప్పై కూర్చుంటే ఇంకో షావుకారు దగ్గరకు పోయే తోవ కూడా మూసుకుపోయేది. గిరాకీ లేనివాడికి పని చూపేవాడే దిక్కు. సిద్దిపేట, దుబ్బాక, సిరిసిల్ల నుంచి భివండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు ఇన్ని కుటుంబాలు పోవడానికి కరువు ఒక కారణమైతే, చేతిలో పని ఉండి బజారు లేకపోవడం ఇంకో కారణం.

దీనికి విరుగుడుగా వచ్చింది సహకార సంఘం. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాది మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి ఆ సొమ్మును ఖాదీ, చేనేతలకు మళ్లించే చట్టం వచ్చింది. 1976లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల శిఖర సంఘాలు కలిసి ఆప్కో అయ్యాయి. పేదలకు చవక బట్ట అందించే జనతా వస్త్రాల పథకం మొదలైందీ ఆ సంవత్సరమే. రాష్ట్రం వచ్చాక తెలంగాణకు టెస్కో వేరుపడింది. మా పెదనాయిన ఒక సంఘంలో లెక్కలు రాసేవాడు. ఆయన చిట్టాలు నేను తిరగేశాను. నేతగాడి పేరు, ఇచ్చిన నూలు చిలపలు, వాపస్ వచ్చిన చీరలు, కట్టిన కూలి అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. కొన్నవారి గడిలో పేజీ తర్వాత పేజీ ఒకటే రాత: శిఖర సంఘం. వందల మగ్గాలకు ఒకే గిరాకీ. ఆ ఒక్క గిరాకీ కొంటున్నన్ని రోజులు సంఘం కంటే మేలైనది లేదు. షావుకారు అప్పు నుంచి ఎన్నో ఇళ్లను అది బయటపడేసింది. అయితే ఒక్కరికే అమ్మే ఏర్పాటులో ఆ ఒక్కరి బడ్జెట్టే అందరి బతుకు. పైనుంచి రావాల్సింది ఆగితే కింద నూలు కొనడానికి ఉండదు, మగ్గం ఆగుతుంది. ఢిల్లీలో చేనేత బోర్డునే 2020 జులైలో రద్దు చేశారు. ప్రభుత్వం నడిపే వేదిక కూడా శాశ్వతం కాదు.

అంగడికీ సంఘానికీ పక్కన ఇంకో దారి ఎప్పటినుంచో ఉంది: తపాలా. వీపీపీ మన దేశంలో 1877లో మొదలైంది. సరుకు ఇంటికి చేరినంక పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెడితే, అది అమ్మినవాడికి చేరుతుంది. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చినప్పుడు అందరూ వింతగా చూశారు గాని, పద్ధతి అదే. అందులోని ప్రమాదమూ అదే: తీసుకోనంటే పార్సిల్ తిరిగొస్తుంది, రానుపోను ఖర్చు పంపినవాడిది. ఈ కారణంగానే నా దుకాణంలో ఇంటికొచ్చినంక డబ్బు కట్టే పద్ధతి పెట్టలేదు.

ఎగ్జిబిషన్లు వచ్చాక నేతగాడు మళ్లీ గిరాకీ మొహం చూశాడు. 1994లో మొదలైన దిల్లీ హాట్ లాంటి చోట్ల స్టాలు దొరికితే, కొన్నవాళ్లు "మళ్లీ ఎప్పుడు తెస్తారు?" అని ఫోన్ నంబరు రాసిచ్చిపోయేవాళ్లు. ఆ నంబర్లే తర్వాత వాట్సాప్ గ్రూపులయ్యాయి. నన్నడిగితే మా వాడకట్టులో మొదటి ఆన్‌లైన్ దుకాణం వాట్సాపే. 2016లో యూపీఐ రావడంతో డబ్బు కూడా అంగడిలోలాగే అప్పటికప్పుడు పడసాగింది. మూడు పద్దులకూ ఇంత చక్కగా జవాబిచ్చిన వేదిక అంగడి తర్వాత ఇదే. కాని గొల్లభామలో ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. ఫొటో పెట్టిన నిమిషంలో నలుగురు "నాకు" అంటారు. ఎవరికి ఖాయమైంది, ఎవరు డబ్బు పంపారు, ఎవరి పార్సిల్ పోయింది అన్నది గ్రూపులో పైకీ కిందికీ జరుపుతూ వెతకడంతోనే పొద్దు గడిచేది. వ్యాపారం పెరిగినకొద్దీ వాట్సాప్ చాలదు. నిజమైన ఎంపిక అక్కడే మొదలవుతుంది.

మొదటి తోవ పెద్ద బజార్లు. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో పుస్తకాలతో మొదలైంది. అమెజాన్ ఇండియా దుకాణం 2013 జూన్‌లో తెరుచుకుంది. చేతిపని సరుకు కోసం అమెజాన్ కారీగర్ పేరుతో, 2019లో ఫ్లిప్‌కార్ట్ సమర్థ్ పేరుతో విభాగాలు పెట్టాయి. చేనేత సంఘాల కోసమే బెంగళూరులో గోకూప్ వచ్చింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎగ్జిబిషన్లు, కొట్లు ఒక్కసారే మూతపడి ఇళ్లల్లో చీరలు పేరుకుపోయినప్పుడు, అప్పటిదాకా ఇటువైపు చూడనివాళ్లు కూడా ఈ బజార్లలో పేరు రాయించుకున్నారు.

ఇవి కొత్త అంగళ్లు, కమీషన్ కొత్త తైబజార్. విదేశీ పెట్టుబడి ఉన్న ఇటువంటి కంపెనీ సరుకును తానే సొంతంగా ఉంచుకొని అమ్మకూడదని మన నిబంధనలే చెబుతున్నాయి. 2019 ఫిబ్రవరి నుంచి అవి ఇంకా బిగుసుకున్నాయి. అంటే మైదానం వాళ్లది, సరుకు మనది, మిగిలిందీ తిరిగొచ్చిందీ మనదే. డబ్బు కొన్ని రోజులాగి, కమీషన్ పోను వస్తుంది. ఒక్క తేడా మాత్రం చాలా పెద్దది. పాత అంగడిలో తైబజార్ కట్టినవాడికి కొన్నామె మొహం దక్కేది. ఇక్కడ ఆమె బజారు మనిషి. మన పార్సిల్ మీద చిరునామా ఉన్నా, రేపు కొత్త చీర వచ్చిందని ఆమెకు కబురు పెట్టే హక్కు మనకు లేదు. పైగా మగ్గం మీద నేసిన బొమ్మ పక్కనే అచ్చేసిన బొమ్మ చవక ధరకు కనిపిస్తుంటుంది. వేలితో జరిపే తెర మీద నేతకూ అచ్చుకూ తేడా పట్టుకోవడం కష్టం.

పన్నుల సంగతీ తెలిసి ఉండాలి. ఇలాంటి బజార్లలో అమ్మేవాళ్లు ఎంత చిన్నవాళ్లైనా జీఎస్టీ నమోదు చేసుకోవాల్సిందేనన్న నియమాన్ని 2023 అక్టోబరు 1 నుంచి సడలించారు. రాష్ట్రం లోపలే అమ్ముతూ, టర్నోవర్ పరిమితి దాటని చిన్నవాళ్లకే ఆ వెసులుబాటు. బెంగళూరుకో పుణెకో చీర పంపాలంటే పాత నియమమే. అమ్మకం మీద బజారు ముందే పట్టుకునే పన్ను 2018 అక్టోబరు నుంచి 1 శాతం ఉండేది, 2024 జులైలో అర శాతమైంది. అది తర్వాత మన లెక్కలో జమ అవుతుంది గాని, నూలు కొనాల్సిన రోజున చేతిలో ఉండదు.

రెండో తోవ సొంత దుకాణం. షాపిఫై కథ నాకు ఇష్టం. కెనడాలోని ఒట్టావాలో టోబియాస్ లూట్కే మంచు మీద జారే బోర్డులు అమ్ముకోవడానికి 2004లో ఆన్‌లైన్ కొట్టు పెట్టాడు. దొరికిన సాఫ్ట్‌వేర్ ఏదీ నచ్చక తానే రాసుకున్నాడు. బోర్డులు పక్కకు పోయి, 2006లో ఆ సాఫ్ట్‌వేరే వ్యాపారమైంది. దుకాణదారుడు తయారుచేసింది కాబట్టి దుకాణదారుడికి అమరుతుంది. నెలవారీ అద్దె కడితే సర్వర్ల బాధ మనకుండదు. కాని దాని సొంత చెల్లింపుల ఏర్పాటు మన దేశంలో లేదు. వేరే గేట్‌వే పెట్టుకోవాలి, ఆ గేట్‌వే తీసుకునేదానికి తోడు షాపిఫై కూడా మామూలు ప్లాన్లలో కొంత శాతం పట్టుకుంటుంది. 2011లో వచ్చిన వూకామర్స్‌కు అద్దె లేదు. వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. హోస్టింగ్ ఖర్చు, అప్‌డేట్ల కాపలా, పండుగ రోజు సైట్ ఆగిపోతే లేపే పని మనవే. 2008 నాటి మజెంటోను ఇప్పుడు అడోబీ నడుపుతోంది. అది వేల రకాల సరుకున్న పెద్ద కంపెనీలకు గాని, మగ్గం నుంచి దిగిన చీరలను ఒక్కొక్కటిగా అమ్మేవాళ్లకు కాదు. ఇక కేంద్ర జౌళి శాఖ ఇండియాహ్యాండ్‌మేడ్ పోర్టల్, ప్రభుత్వ అండతో నడిచే ఓఎన్‌డీసీ నెట్‌వర్క్ ఉన్నాయి. పేరు నమోదు చేసుకోవడంలో నష్టం లేదు. వాటినే ఆధారం చేసుకోవద్దు. పెదనాయిన చిట్టా చెప్పేది ఇదే.

నేను వూకామర్స్ ఎంచుకున్నాను, కారణం చిన్నది: సైటు చూసుకునే తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. అట్లాంటి మనిషి లేనివాళ్లు షాపిఫై అద్దె కట్టడమే మేలు. నెల నెలా ఒకరిని బతిమాలుకోవడం కంటే అది చవక. పెద్ద బజారును నేను పూర్తిగా వదల్లేదు. దుపట్టాలు, చిన్న బుటాల బట్ట అక్కడ పెడతాను, కొత్తవాళ్ల కంట్లో పడటానికి. చీరలు మాత్రం నా దగ్గరే. ప్రతి చీర లెక్కలో ఒక్కటే. అమ్ముడైన క్షణాన సైటు నుంచి తప్పుకుంటుంది. నేసిన మగ్గం ఏ ఊరిదో దాని పేజీలోనే రాస్తాను. అచ్చు బొమ్మ ధరతో పోటీపడేది ఆ నాలుగు వరుసలే.

కాబట్టి అడిగిన పిల్లలకు నా జవాబు. కమీషన్ శాతాలు ఏటా మారతాయి, వాటిని పట్టుకొని వేదికను ఎంచకండి. డొమైన్ పేరు మీ పేరు మీదే కొనండి, సైటు కట్టిచ్చినవాడి పేరు మీద వద్దు. రేపు ఇంకో చోటికి మారితే సరుకు వివరాలు, కొన్నవాళ్ల వివరాలు మొత్తం తీసుకుపోనిస్తారా అని ముందే అడగండి. కుదరదంటే అక్కడ దుకాణం పెట్టకండి. కొన్నవాళ్ల అనుమతితో వాళ్ల పట్టీని నెల నెలా దింపుకొని దాచుకోండి. షావుకారు కింద, సంఘం కింద మా పెద్దల దగ్గర చేతిపని ఉంది, మగ్గం ఉంది, లేనిది ఆ పట్టీ ఒక్కటే.