తల్లిపాల తోడ్పాటు: ఆసుపత్రి రికార్డుకు అందనిది

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1989లో ప్రకటించిన ‘పది మెట్లు’ ప్రసూతి ఆసుపత్రి ఏమి చేయాలో చెప్పాయి. 2010లో అమెరికాలోని జాయింట్ కమిషన్ మరొకటి అడిగింది: ఆసుపత్రిలో ఉన్నంతకాలం శిశువుకు తల్లిపాలు మాత్రమే అందాయా? క్రమంగా ఈ లెక్కను ఎలక్ట్రానిక్ రికార్డుల నుండే తీయడం మొదలైంది.

అయితే ఈ ప్రమాణం లెక్కించేది పాలను, పాలివ్వడాన్ని కాదు. పిండి సీసాతో పట్టిన తల్లిపాలూ, రొమ్ము నుండి తాగిన పాలూ ఇందులో ఒక్కటే. బాలింత పక్కన కూర్చుని నర్సు బిడ్డ పట్టును సరిచేసిన అరగంట (నా దృష్టిలో అసలు తోడ్పాటు అదే) ఎవరైనా రాస్తేనే రికార్డుకెక్కుతుంది. విడి వాక్యాలలో రాస్తే సులభంగా గణనకు లొంగదు. 2018 సవరణ నిరంతర పర్యవేక్షణను మొదటి మెట్టులోనే చేర్చింది. కాని ప్రధాన సూచికలుగా ఎంచినవి రెండే: తొలి గంటలో పాలు పట్టడం, ఆసుపత్రిలో తల్లిపాలే ఇవ్వడం.