ఒకే డిస్కులో రెండు విండోసులు

కంప్యూటరులో తెలుగు చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఖతులను, కీబోర్డులను తలచుకుంటాము గాని, ఒకే హార్డుడిస్కులో విండోస్ 98, ఎక్స్‌పీ కలిసి కాపురం చేసిన రోజులను ఎవరూ తలచుకోరు. మన్సూరాబాద్‌లోని మా యింట ఆ కాపురం కొన్నేళ్లు సాగింది.

కారణముంది. నా వ్యాకరణ పాఠాలన్నీ 98లో ఒక పాత టైపింగు సాఫ్టువేరుతో కొట్టినవి. ఎక్స్‌పీలో అది తెరుచుకొనేది కాదు. ఆనాటి ఖతుల్లో తెలుగక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలదాచుకొనేవి. ఆ ఖతి లేని యంత్రంలో ఫైలు తెరిస్తే కనబడేవి పిచ్చిగీతలే. యూనికోడులో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానాలున్నాయి. అందులో 'క్ష' అనేది క, పొల్లు, ష అని మూడు సంకేతాలు. సంయుక్తాక్షరాన్ని విడదీసి చెప్పే మా వైయాకరణులు దీన్ని చూసి మెచ్చుకొనేవారే! అయితే ఆ మూడింటినీ కలిపి తెరమీద చూపవలసింది ఆపరేటింగ్ సిస్టమే. విండోస్ 2000 హిందీకి, తమిళానికి ఆ పని చేసిపెట్టింది. తెలుగు 2001లో ఎక్స్‌పీ వచ్చేదాకా ఆగవలసివచ్చింది. దానితో వచ్చిన ఖతి పేరు గౌతమి. కన్నడానికేమో తుంగ. నదుల పేర్లు పెట్టినవారెవరో గాని రసికులే.

పాతదాన్ని ముందు, కొత్తదాన్ని తరువాత ఎక్కించాలన్నది నియమం. 98కి సి డ్రైవు, ఎక్స్‌పీకి డి డ్రైవు ఇచ్చాను. డి డ్రైవును ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో పెడితే 98కి అది కనబడనే కనబడదు. అందుకని రెంటినీ ఫ్యాట్32లోనే ఉంచాను. యంత్రం వేయగానే రెండు పేర్లూ తెరమీదికి వచ్చి, ఏది కావాలో తేల్చుకొమ్మని ముప్ఫై సెకన్లు నిలిచేవి. ఎక్స్‌పీలో తెలుగు సరిగా కుదరాలంటే భాషల అమరికలో సంక్లిష్ట లిపులకు టిక్కు పెట్టి, మళ్లీ సీడీ వేయవలసివచ్చేది.

ఒకసారి 98 మొరాయిస్తే దాన్ని మళ్లీ ఎక్కించాను. అంతే, ఎంపిక తెర మాయం! ఎక్స్‌పీ ఉన్నట్టే 98 ఎరుగదు. బూట్ సెక్టారులో తన రాత రాసుకొని కూర్చుంది. రెండు రాత్రులు నిద్ర లేదు. అప్పటికి యూనికోడులో తిరిగి కొట్టిన సంధి ప్రకరణమంతా డి డ్రైవులోనే ఉంది మరి. చివరికి ఎక్స్‌పీ సీడీతో రికవరీ కన్సోలులోకి వెళ్లి 'ఫిక్స్‌బూట్' అనగానే రెండు పేర్లూ తిరిగి వచ్చాయి.

2006 జులైలో మైక్రోసాఫ్టు 98కి మద్దతు ఆపింది; 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకీ ఆపింది. సంధులు, సమాసాలు యూనికోడులోకి వచ్చేశాయి. ఛందస్సు ప్రకరణం మాత్రం ఆ పాత డిస్కులోనే, మా బీరువా అడుగు అరలో ఉంది.