యాప్ స్టోరు ద్వారమున చందా తగవు

2007లో ఐఫోను వెలువడినప్పుడు అందులో ఆపిల్ కంపెనీ అమర్చిన ప్రోగ్రాములే కాని, ఇతరులు వ్రాసిన వానిని చేర్చుకొను ఏర్పాటు లేదు. 2008 జూలై 10న ఆ కంపెనీ యాప్ స్టోరు అను అంగడిని తెరచినది. తొలినాడు అందులో సుమారు 500 యాప్‌లున్నవి. యాప్‌ను వెలకు అమ్మినచో అప్పుడు నూటికి 70 వంతులు దానిని వ్రాసినవారికి, 30 వంతులు కంపెనీకి దక్కెడివి. 2009లో యాప్ లోపలనే కొనుగోలు చేయు సౌకర్యము వచ్చినది. ఆటలో కొత్త అంకమో, పత్రిక చందాయో ఫోనునుండియే కొనవచ్చును. ఆ సొమ్ములోను కంపెనీకి అప్పుడు అదే వాటా ఉండెడిది.

ఈ వాటాను తప్పించుకొనుట ఎందుకు కష్టము? దీనికి మూలము ఒక గణిత విశేషము. ఏ ప్రోగ్రామైనను కంప్యూటరుకు అంకెల వరుసయే. కంపెనీవద్ద తాళపుచెవుల వంటి రెండు పెద్ద సంఖ్యల జత ఉన్నది. రహస్యముగా దాచుకొన్న దానితో యాప్‌పై ముద్ర వేయుదురు. ఫోనులో ఉంచిన రెండవదానితో ఫోను ఆ ముద్రను సరిచూచును. యాప్‌లో ఒక్క అంకె మారినను ముద్ర సరిపడదు, ఫోను దానిని నడపదు. రెండవ సంఖ్య తెలిసినంత మాత్రమున మొదటిదానిని కనుగొనుట ఆచరణలో అసాధ్యము. దొంగ ప్రోగ్రాములను ఆపుటకు ఇది చక్కని తాళమే. కాని తాళము చేతనున్నవాడు ద్వారముకడ సుంకము కూడ వసూలు చేయగలడు. ప్రతి కొత్త కూర్పును పరిశీలకులకు పంపవలసినదే. 2020 వరకు వారు కాదన్నచో లోపము సవరించిన కూర్పైనను వాడుకరికి చేరెడిది కాదు.

2011లో నియమములు బిగిసినవి. సోనీ వారి పుస్తక పఠన యాప్ తిరస్కరింపబడినది. అమెజాను వారు కిండిల్ యాప్‌నుండి తమ అంగడికి పోవు మీటను తొలగించిరి. పాఠకుడు పుస్తకమును వేరొకచోట కొని, యాప్‌లో చదువుకొనవలసి వచ్చెను.

తగవు బాగుగా బయటపడినది 2020 జూన్‌లో. షికాగోకు చెందిన బేస్‌క్యాంప్ అను చిన్న కంపెనీ "హే" అను ఈమెయిలు సేవను ప్రారంభించినది. ఏటి చందా 99 డాలర్లు. దానిని వెబ్‌సైటులో కట్టవలెను. ఐఫోను యాప్‌లో చందాదారుడు లోనికి ప్రవేశించుటకు మాత్రమే వీలు. తొలి కూర్పును పరిశీలకులు ఆమోదించిరి. లోపములు సవరించి పంపిన తరువాతి కూర్పును తిరస్కరించిరి! యాప్‌లో వాడు సేవను యాప్ లోపల కొనుటకును ఏర్పాటు ఉండవలెనని 3.1.1 సంఖ్యగల నియమము. పుస్తకములు, పత్రికలు, సంగీతము, చలనచిత్రములు చూపు యాప్‌లకు మినహాయింపు కలదు; 2020 జూన్ నాటికి ఈమెయిలు ఆ జాబితాలో లేదు. లొంగినచో తొలియేట ఒక్కొక్క చందాలో దాదాపు 30 డాలర్లు పోవును. అంతే కాదు, యాప్ లోపల కొన్నవారికి సొమ్ము వాపసు చేయు అధికారము ఆపిల్‌దగును. తన ఖాతాదారుకు తానే సమాధానము చెప్పుకొనలేని స్థితి చిన్న వర్తకునికి కమీషనుకంటె బరువు.

బేస్‌క్యాంప్ వారు ఈ సంగతిని బహిరంగపరచిరి. చందా లేనివాడు యాప్‌ను తెరచినచో అది ఏ పనియు చేయదనుట ఆపిల్ అధికారి ఫిల్ షిల్లర్ వాదము. తుదకు ఎవరైనను 14 దినములు వాడుకొనగల తాత్కాలిక చిరునామాను ఉచితముగా ఇచ్చునట్లు యాప్‌ను మార్చగా ఆమోదము లభించినది. రెండు వారములలో ఆరిపోవు చిరునామా ఎవరికి ఉపయోగమో గాని, నియమము మాత్రము తృప్తిపడినది. జూన్ 22న ఆపిల్ మరి రెండు మార్పులు ప్రకటించినది. తిరస్కారమునే కాక నియమమునే ప్రశ్నించి అప్పీలు చేయవచ్చును. చట్టసంబంధమైనవి తప్ప, ఇతర నియమోల్లంఘనల పేరిట లోప సవరణలను ఆపరు. అన్ని యాప్‌లకు వర్తించు ఈ రెండవది చందా విషయముకంటె పెద్ద ఫలము.

ఆ ఆగస్టులో "ఫోర్ట్‌నైట్" ఆటవారు నియమమును ధిక్కరించి కోర్టుకెక్కిరి. వెలుపలి చెల్లింపునకు దారి చూపు లంకెలను ఆపిల్ నిషేధింపరాదని 2021 సెప్టెంబరులో అమెరికా న్యాయస్థానము తీర్పు చెప్పినది.

2024 జనవరిలో "హే" వారి క్యాలెండరు యాప్‌కును అదే కారణముచే తిరస్కారము ఎదురైనది. ఈసారి వారు చందా లేనివారు కూడ చూడగల తేదీల పట్టిక నొకదానిని యాప్‌లో చేర్చిరి. ఆ తేదీలు ఆపిల్ కంపెనీ చరిత్రలోని ఘట్టములు. పరిశీలకులు దానిని ఆమోదించిరి.