మనము, మేము, వుయ్: ఫోరస్ రోడ్డు తెలుగువారి సర్వనామములు

'ఫోరస్' అనునది పోర్చుగీసువారి కాలమునాటి భూమిశిస్తునుండి పుట్టిన మాట. స్వల్పమైన శిస్తుకు ఇచ్చిన పల్లపు నేలలకు ఫోరస్ భూములని పేరు. వాని మీదుగా వేసిన బాట ఫోరస్ రోడ్డైనది. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపిన పిమ్మట ఆ ప్రాంతపు బురదనేలలు నివాసయోగ్యములయ్యెను. నైజాము రాజ్యమునుండి వచ్చి రాళ్లు మోసి, గోడలు కట్టి, బాటలు వేసిన కామాఠీలు అచ్చట నిలిచిరి. వారి పేరనే కామాఠీపురా వెలసినది. నేడు ఆ బాటకు ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్ అని పేరు మారినను, మన నోట అది ఫోరస్ రోడ్డే.

ఆ చాళ్లలో పెరిగిన తెలుగు బిడ్డకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందుస్తానీ, గుజరాతీ, బడిలో ఇంగ్లీషు వినవచ్చును. క్రొత్త నామవాచకములను పిల్లలు సులువుగా నేర్తురు. తడబాటంతయు చిన్న మాటలైన సర్వనామములలోనే. తడబాటునకు కారణము బుద్ధిమాంద్యము కాదు. ఒక్కొక్క భాష మనుష్యులను ఒక్కొక్క విధముగ వరుసలు పెట్టుటయే.

మొదట ఉత్తమపురుషను చూతము. వినువానిని కలుపుకొన్నచో 'మనము', విడిచినచో 'మేము'. 1814లో విలియం కేరీ, 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌన్ తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణములు ప్రకటించిరి. 1856లో కాల్డ్‌వెల్ తన ద్రావిడభాషా వ్యాకరణమున ఈ రెండు విధముల బహువచనమును చర్చించెను. ముంబయిలో మనకు గల అదృష్ట మేమనగా, మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' అనియు, గుజరాతీలో 'ఆపణే', 'అమే' అనియు ఇదే భేదము కలదు. ఇంగ్లీషు 'వుయ్', హిందీ 'హమ్' దీనిని ఎరుగవు. రాజ్యాంగపు పీఠిక ఇంగ్లీషున 'వుయ్' అని మొదలగును. తెలుగు చేసినవారు రెంటిలో ఒకటి ఎంచుకొనక తప్పలేదు. వారు 'మేము' అనియే వ్రాసిరి. మరాఠీ పాఠమునను 'ఆమ్హీ' యే కలదు.

ఒక్కడే సంతానమైనను తెలుగు బిడ్డ 'మా అమ్మ' అనును. దానినే 'అవర్ మదర్' అని వ్రాసినచో బడిలో ఎర్రసిరా పడును. అచ్చట 'మై మదర్' అనవలెను. తల్లి ఇంటివారందరి సొత్తని మన భాష తలచునని ఒకమారు విడమరచి చెప్పినచో, బిడ్డ మరల ఆ తప్పు చేయడు.

ఇక మధ్యమపురుష. ఇంగ్లీషున నీవు, మీరు అను భేదము లేదు గనుక ఆ భాషకు మర్యాద తెలియదని మనలో కొందరి తలంపు. చరిత్ర దీనికి విరుద్ధముగ నున్నది. పూర్వము ఇంగ్లీషున 'దౌ' అనగా నీవు. 'యు' అనగా మీరు. 17వ శతాబ్దిలో జార్జి ఫాక్స్ అనుచరులగు క్వేకర్లు గొప్పవారిని సైతము 'దౌ' అని సంబోధించి వారి కోపమునకు గురియైరి. కాలక్రమమున వాడుకలో జారిపోయినది 'దౌ' యే, మిగిలినది గౌరవవాచకము. కాబట్టి ఇంగ్లీషువాడు పనివానిని 'యు' అన్నప్పుడు, మాట పుట్టుకనుబట్టి, 'మీరు' అన్నట్లే. ఈ సంగతి మనవంటి శ్రామిక సంతతికి చిన్నది కాదు. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు ముంబయిలో రామయ్య వ్యంకయ్య అయ్యవారు మొదలగు తెలుగువారు అండగా నిలిచిరి. మనిషిని మనిషిగా మన్నించుటయే వారు కోరినది. 'నీవు', 'మీరు' అను రెండు మాటలు చేతనున్న మనము ఎవరిని ఏ మాటతో పిలుచుచున్నామో తరచి చూచుకొనవలెను.

ప్రథమపురుషలో చిక్కు మరింత హెచ్చు. తెలుగున 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది' అని క్రియ ఒక్కటే. బహువచనమున మాత్రము స్త్రీలు పురుషులతో చేరి 'వారు వచ్చిరి' అగుదురు. ఆవులు 'అవి వచ్చినవి' గానే యుండును. కావున మన పిల్లలు 'షీ', 'ఇట్' లను కలగలుపుట వింత కాదు. మరాఠీలోని 'తో', 'తీ', 'తే' అను మూడింటిని తోడు తెచ్చుకొన్నచో 'హీ', 'షీ', 'ఇట్' సులభముగ పట్టువడును. స్త్రీయో పురుషుడో తెలియని ఒక్కరిని గూర్చి 'దే' అనుట ఇంగ్లీషున 14వ శతాబ్దినుండి కలదు. మన 'వారు' ఒక్కరికి చెల్లునది గౌరవముచేత. వారి 'దే' చెల్లునది లింగము తెలియమిచేత.

ఇంగ్లీషునకు లేని సొగసు మన 'తాను'. 'రాముడు తాను వత్తునని సోమునితో చెప్పెను' అన్నచో వచ్చువాడు రాముడే. ఇంగ్లీషున 'హీ' అన్నచో రాముడో సోముడో తేలదు. అట్టి చోట పేరు మరల వ్రాయుట మేలని పిల్లలకు చెప్పవలెను.

నేడు మన పిల్లలలో పెక్కురు ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. అది కూడదని మేము చెప్పము. ఇంగ్లీషు సర్వనామములు తప్పులేకుండ రావలసినవే. కాని 'వుయ్' ఒక్కటే నేర్చిన బిడ్డ పెద్దలయెదుట 'మేము' అనవలసినచోట 'మనము' అనును, 'మనము' అనవలసినచోట 'మేము' అనును. రెండవ పొరపాటు మొదటిదానికన్న బాధాకరము. తాతను ఎదుట నుంచుకొని తాతను విడిచి మాటాడుట యది. పాఠము చెప్పునపుడెల్ల 'వుయ్' ప్రక్కన రెండు తెలుగు మాటలును వ్రాయించుడు. ఆ రెండు గదులును నిలిచియున్నంతవరకు ఈ నగరమున మన ఇల్లు నిలిచియుండును.