పాత రూపం, కొత్త చషకం

వెండి పానపాత్రను చేతికి తీసుకున్నవారు ముందుగా చూచేది పైనున్న నగిషీని. చరిత్ర తెలిసినవారు మాత్రం దానిపై కొట్టిన ముద్రను వెదకుతారు. పంతొమ్మిదవ శతాబ్దపు జర్మనీలో, మూడు వందల యేళ్ళనాటి రూపాలతో తయారైన చషకాల కథ అంతా ఆ చిన్న ముద్రలోనే ఉన్నది.

మూలం నుంచి మొదలుపెడదాం. 16వ శతాబ్దంలో నూరెంబర్గ్ స్వర్ణకారుల శ్రేణిలో ఆచార్యుడు కాగోరినవాడు మూడు వస్తువులు చేసి పెద్దల ముందుంచవలసి ఉండేది: రత్నం పొదిగిన ఉంగరం, ముద్రదిమ్మె, కొలంబైన్ పూవు ఆకృతిలో వెండి చషకం. అభ్యర్థులందరికీ అదే పూవు, అదే ఆకృతి. అనగా అనుకరణ అక్కడ దోషం కాదు, పరీక్ష. వెండి నాణ్యమైనదని తేలిన పిమ్మట నగరం తన గుర్తుగా ‘ఎన్’ అక్షరాన్ని, పనివాడు తన సొంత గుర్తును కొట్టేవారు. ఆగ్స్‌బర్గ్ నగరానికి దేవదారు కాయ గుర్తు.

1871లో జర్మనీ ఏకమైన తరువాత ధనిక గృహస్థులకు ఆ పాత వైభవం మీద మోజు పుట్టింది. 1876లో మ్యూనిక్‌లో జరిగిన కళాప్రదర్శనలో ‘మన పితరుల కృతులు’ అన్న పేరుతో ఒక విభాగమే ఏర్పరచారు. భోజనశాలలో పాతకాలపు చషకం ఉండడం వంశగౌరవానికి చిహ్నమైంది. అసలైనవి ఎందరికి దొరుకుతాయి? కనుక కొత్తవి పుట్టుకొచ్చాయి.

అవి మూడు దారులలో వచ్చాయి. మొదటిది విద్యుత్తు దారి. అసలు పాత్రకు అచ్చు తీసి, దాని లోపలివైపు విద్యుత్తు ప్రవహించేందుకు పలుచగా గ్రాఫైటు పూసి, మైలతుత్తం ద్రావణంలో ముంచి విద్యుత్తును పంపితే రాగి అణువణువుగా పేరుకుంటుంది. సుత్తి దెబ్బ జాడ కూడా తప్పిపోదు. ఆపైన వెండి పూతో, బంగారు మలామో వేస్తారు. ఉప్పు వ్యాపారంతో వర్ధిల్లిన లూనెబర్గ్ నగరం 1874లో తన సభాభవనపు వెండి పాత్రలను 6,60,000 మార్కులకు బెర్లిన్ మ్యూజియానికి అమ్మివేసింది. నేడు ఆ నగర భవనంలో ఉన్నవి ఈ పద్ధతిలో తీసిన నకళ్ళు. అవి నకళ్ళేనని నగరమే చెబుతుంది; అందువలన అవి సిగ్గుపడవలసిన పనిలేదు.

రెండవది హానౌ దారి. అక్కడి పనివారు అసలు వెండితోనే, చక్కని పనితనంతో పాత రూపాలను మళ్ళీ చేశారు. కాని వాటిపై పాత నగరాల గుర్తులను తలపించే కల్పిత ముద్రలు కొట్టారు. 1888లో అమలులోకి వచ్చిన చట్టం నెలవంక, కిరీటం గుర్తులను, వేయి పాళ్ళలో కనీసం 800 పాళ్ళు వెండి అన్న ప్రమాణాన్ని నిర్ణయించింది. ఆ తరువాత కూడా హానౌలో కల్పిత ముద్రలు ఆగలేదు.

మూడవది ఆఖెన్ నగరపు రైన్‌హోల్డ్ వాస్టర్స్ (1827–1909) దారి. ఈయన ఆఖెన్ ప్రధాన చర్చి నిధులకు మరమ్మతులు చేసిన నిపుణుడు. ఈయన గీసిన వేయికి పైగా చిత్తు పటాలు 1919లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చేరాయి. 1979లో చార్లెస్ ట్రూమన్ వాటిని పరిశీలించి వ్యాసం ప్రకటించిన తరువాత, పునరుజ్జీవన యుగానివని పూజలందుకుంటున్న అనేక వస్తువులు ఆ కాగితాలమీదనే పుట్టాయని తేలింది. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోని రోస్పిలియోసి చషకం వెండిది కాదు, బంగారంది. చెల్లీనీ చేసినదిగా దానికి ఎంతో ఖ్యాతి. అదీ వాస్టర్స్ పనేనని నేడు భావిస్తున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న. చెల్లీనీ పేరున్నప్పుడు అద్భుతమనిపించిన పనితనం వాస్టర్స్ పేరు తెలియగానే తగ్గిపోయిందా? పనితనం తగ్గలేదు. చరిత్ర మాత్రం మారింది. పదహారవ శతాబ్దానికి సాక్ష్యమనుకున్నది పంతొమ్మిదవ శతాబ్దపు కోరికలకు సాక్ష్యమైంది.

మన తాళపత్ర లేఖకులు కూడా నకలు వ్రాసినవారే. కావ్యం తమదని వారు అనలేదు. చివర ఏ సంవత్సరంలో, ఎవరికోసం, ఎవరు వ్రాశారో చెప్పుకొన్నారు. ఆ నాలుగు మాటల వలననే ఆ ప్రతులు మనకు ప్రమాణాలైనాయి. చషకం మీది ముద్ర కూడా అటువంటి గద్యయే. లూనెబర్గ్ నకలు దానిని నిలుపుకొన్నది; హానౌ పాత్ర దానిని తారుమారు చేసింది. ఒకే రూపానికి ఒకచోట గౌరవం, మరొకచోట అపకీర్తి రావడానికి కారణం అంతకన్న మరొకటి లేదు.