భూసేకరణకు ముందు సర్వే, రైతు హక్కులు: ఉత్తరాంధ్ర చరిత్ర

ప్రజావసరం పేరిట ప్రభుత్వం భూమి తీసుకునే ముందు చేసే కొలతలు, వాటి విషయంలో భూయజమానికి ఉన్న హక్కుల చరిత్ర ఇది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఇది జమీందారీ చరిత్రతో పెనవేసుకుపోయింది.

శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మనాథుని ఆలయ స్తంభాల మీద తూర్పు గాంగుల కాలపు దానశాసనాలున్నాయి. దాత పేరు రాతి మీద నిలిచింది. సాగుదారు పేరు కాగితం మీదికి ఎక్కడానికి ఆ తర్వాత కూడా శతాబ్దాలు పట్టింది. 1802లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఈ ప్రాంతం ఉన్న ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. జమీందారు కట్టాల్సిన శిస్తు (పేష్కష్) ఖాయమయ్యాక, ఒక్కో రైతు మడిని కొలవాల్సిన పని సర్కారుకు లేకపోయింది. 1908 ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఈ జమీందారీ ఊళ్లలో, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిలో సర్వే, పట్టాలు మొదలయ్యాయి.

అప్పట్లో సర్వేయరు చేతిలో ఉండేది గంటర్ గొలుసు. 66 అడుగుల పొడవు, 100 లింకులు. వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. గట్టు ఒక లింకు జరిగితే పొలం పొడవునా తేడా వస్తుంది, నష్టపరిహారం లెక్క మారిపోతుంది. అందుకే కొలిచేటప్పుడు రైతు దగ్గరుండటం ముఖ్యం.

ఈ సంగతిని 1894 భూసేకరణ చట్టం పట్టించుకోలేదు. నాలుగో సెక్షన్ నోటిఫికేషన్ వెలువడితే అధికారులు పొలంలో దిగి కొలిచేందుకు, బోరు వేసేందుకు, అడ్డొచ్చిన పైరు కోసేందుకు వీలుండేది. ఏడు రోజుల ముందస్తు నోటీసు ఇంటికీ, దాన్ని ఆనుకున్న పెరటికీ మాత్రమే ఉండేది. అభ్యంతరం చెప్పే హక్కు 1923 సవరణతో వచ్చింది. అత్యవసర క్లాజు వాడితే అదీ ఉండేది కాదు.

రికార్డుకూ నేలకూ పొంతన లేకపోతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపింది. బీల, తంపర అనే చిత్తడి నేలలు కాగితాల్లో సర్కారువి; చేపలకూ, గడ్డికీ, సాగునీటికీ చుట్టుపక్కల ఊళ్లు వాటి మీదే ఆధారపడ్డాయి. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఎదురుతిరిగిన జనంపై 2010 జూలై 14న పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ విద్యుత్ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది.

2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం 12వ సెక్షన్‌లో పెద్ద మార్పు ఉంది. యజమాని గానీ, అతను రాతపూర్వకంగా పంపిన మనిషి గానీ లేకుండా సర్వే చేయకూడదు. వారు రాకున్నా కొలవాలంటే 60 రోజుల ముందు నోటీసిచ్చి ఉండాలి. 13వ సెక్షన్ ప్రకారం పంట నష్టం పొలంలో దిగినప్పుడే చెల్లించాలి. అయితే నోటీసు వెళ్లేది ప్రధానంగా భూమి రికార్డుల్లో యజమానిగా పేరున్న వారికే. మూడేళ్లుగా అక్కడే బతుకుతున్న కౌలుదారుని, కూలిని ఈ చట్టం బాధిత కుటుంబాల్లో చేర్చింది గానీ గొలుసు పట్టే వేళ వారి మాటకు చోటివ్వలేదు.

ఆంధ్రప్రదేశ్ 2018 సవరణ కొన్ని ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. ఊరి గోడు వినే ఘట్టాల్లో ఆ అంచనా ఒకటి. ఆ మినహాయింపు రెండు, మూడు అధ్యాయాలకే. సర్వే నియమాలున్నది నాలుగో అధ్యాయం కాబట్టి ఆ ప్రాజెక్టుల్లోనూ రైతు ఎదుటే, లేదా 60 రోజుల ముందు నోటీసిచ్చాకే కొలవాలి.